‘ఇట్స్ టైట్ లైక్ దట్’: ఒక పాత కొంటె బ్లూస్ పాట సాధన డైరీ

జనవరి: ఎందుకీ పాట

ఈ ఏడాదంతా ఒకే ఒక్క పాట మీద పనిచేయాలని నిర్ణయించుకున్నాను. 1928 అక్టోబరు 24న షికాగోలో వొకాలియన్ కంపెనీ కోసం టాంపా రెడ్, జార్జియా టామ్ అనే ఇద్దరు కళాకారులు రికార్డు చేసిన ‘ఇట్స్ టైట్ లైక్ దట్’ ఆ పాట. వొకాలియన్ 1216వ నంబరుతో విడుదలైన ఆ డిస్కులో ఒక గిటారు, ఒక పియానో, రెండు గొంతులు తప్ప మరేమీ వినబడవు. మూడు నిమిషాల పాటలో పెద్ద కథ లేదు. రెండర్థాల చమత్కారం, ఒక్కసారి వింటే నోటికి వచ్చే పల్లవి, మధ్యమధ్య గిటారు తీగ చెప్పే జవాబు మాత్రమే ఉన్నాయి. అయినా అమెరికాలో నల్లజాతి శ్రోతల కోసం తయారయ్యే రికార్డుల్లో ఈ పాట తర్వాత కొన్నేళ్లపాటు ఇదే ధోరణి రాజ్యమేలింది. ఆ రకం పాటలకు ‘హోకం’ అనే పేరు స్థిరపడింది.

పని రెండు పాయలుగా సాగుతుంది. మొదటిది, ఈ పాటను గిటారు మీద స్లైడ్‌తో (వేలికి తొడిగి తీగల మీద జరిపే గాజుగొట్టంతో), కీబోర్డు తోడుగా, మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా వాయించి పాడగలగడం. రెండోది, ఈ పాట ఏ పాటల నుంచి వచ్చిందో, ఎటువైపు వెళ్లిందో పాత రికార్డులను కాలక్రమంలో వింటూ తెలుసుకోవడం. రెండు పాయలనూ వేరువేరుగా కాకుండా పక్కపక్కనే నడపాలన్నది నా ఉద్దేశం, ఎందుకంటే ఒక పాట పూర్వీకులను గుర్తుపట్టడానికి చెవి ఒక్కటే చాలదు, వేళ్లకు కూడా ఆ నడక తెలిసి ఉండాలి.

అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్ గురించి రాసినవారిలో చాలామంది మిసిసిపీ డెల్టా ప్రాంతపు ఒంటరి గాయకుడి ఆవేదనకు పెద్దపీట వేసి, హోకం పాటలను చవకబారు వ్యాపారంగా పక్కకు నెట్టేశారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. నవ్వించే పాటకు కావలసిన లయజ్ఞానం, నిగ్రహం కంటతడి పెట్టించే పాటకు కావలసిన వాటికంటే ఏమాత్రం తక్కువ కావని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని వాయించి పరీక్షించుకోవడానికే ఈ డైరీ.

ఫిబ్రవరి: వాద్యం, తీగలు, శ్రుతి

టాంపా రెడ్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది ఆయన లోహపు గిటారు. లాస్ ఏంజెలిస్‌లోని నేషనల్ కంపెనీ 1927లో అమ్మకానికి తెచ్చిన ‘ట్రైకోన్’ రకం అది. జాన్ డోపీయెరా రూపొందించిన ఆ వాద్యంలో ధ్వనిని పెంచే పని చెక్కపలకది కాదు. పల్చటి అల్యూమినియం రేకుతో చేసిన మూడు శంకువులది. తీగల కంపనం ‘టీ’ ఆకారంలో ఉన్న లోహపు బ్రిడ్జి ద్వారా ఆ మూడు శంకువులకూ చేరుతుంది. మైకులూ యాంప్లిఫైయర్లూ అందుబాటులో లేని రోజుల్లో బూరలు, డ్రమ్ములు, పియానోల నడుమ గిటారు వినబడడానికి కనిపెట్టిన ఉపాయమది. టాంపా రెడ్ 1928లోనే బంగారు పూత పూసిన ట్రైకోన్‌ను సంపాదించి, ‘బంగారు గిటారు మనిషి’గా ప్రసిద్ధికెక్కాడు. ఎన్నో ఏళ్ల తర్వాత 1990లలో బయటపడిన ఆ గిటారు సియాటిల్‌లోని ఒక మ్యూజియానికి చేరింది.

నా దగ్గర ఉన్నది మామూలు చెక్క గిటారు. స్లైడ్ వాయించడానికి తీగలు ఫ్రెట్లకు (గిటారు మెడ మీది అడ్డకడ్డీలకు) ఎత్తుగా ఉండాలి, లేకపోతే గాజుగొట్టం ఫ్రెట్లకు తగిలి గరగరలాడుతుంది. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీద తొడిగే చిన్న లోహపు పట్టీతో తీగలను పైకి లేపాను. మొదటి తీగ 0.013 అంగుళాల మందం ఉన్న సెట్టు వేశాను, ఎందుకంటే నేను పెట్టుకున్న ట్యూనింగులో తీగలు మామూలు కంటే వదులవుతాయి. సన్న తీగలైతే స్లైడ్ బరువుకే కిందికి కుంగిపోతాయి.

ట్యూనింగు ఓపెన్ డి. బొంగురు తీగ నుంచి సన్న తీగ వరకు వరుస డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. మన స్వరాల్లో చెప్పుకుంటే స, ప, స, గ, ప, స. ఆ గాంధారం అంతర గాంధారం. మామూలు ట్యూనింగు నుంచి ఇక్కడికి రావడానికి ఆరో తీగను, రెండో తీగను, మొదటి తీగను ఒక్కొక్క పూర్తి స్వరం దించాలి, మూడో తీగను అర స్వరం దించాలి, నాలుగు, ఐదు తీగలను కదపనక్కర్లేదు. ఇలా పెట్టాక ఏ వేలూ ఆనించకుండా ఆరు తీగలను మీటితే డి మేజర్ కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) పలుకుతుంది. స్లైడ్‌ను ఐదో ఫ్రెట్ మీద ఉంచితే జి, ఏడో ఫ్రెట్ మీద ఉంచితే ఎ, పన్నెండో ఫ్రెట్ మీద ఉంచితే పై స్థాయి డి వస్తాయి. పాట మొత్తానికి కావలసిన మూడు కార్డులూ ఆ గాజుగొట్టం కిందే ఉన్నాయన్నమాట.

అసలు రికార్డు ఏ శ్రుతిలో ఉందనేది ఇంకో సంగతి. 78 ఆర్పీఎం డిస్కులన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్ల వేగంతోనే తయారయ్యాయని చెప్పలేం. నకలు తీసేటప్పుడు వేగం తేడా పడినా శ్రుతి మారిపోతుంది. లెక్క వేస్తే నిమిషానికి నాలుగున్నర చుట్లకు అటూ ఇటూగా తేడా వచ్చిందంటే అర స్వరం జరిగిపోతుంది: 78 బదులు 82.6 వేగంతో తిప్పితే అర స్వరం పైకి, 73.6 వేగంతో తిప్పితే అర స్వరం కిందికి. అందుకే వేరువేరు సంకలనాల్లో ఒకే పాట వేరువేరు శ్రుతుల్లో వినబడుతుంది. రికార్డుతో కలిసి సాధన చేసేటప్పుడు కేపోతో (తీగలన్నిటినీ మెడ మీద నొక్కిపట్టే బిగింపుతో) సర్దుకోవడం, మిగతా సమయంలో నా గొంతుకు సరిపడే చోట వాయించుకోవడం అనే పద్ధతి పెట్టుకున్నాను.

మార్చి: పన్నెండు బార్ల లెక్క

ఈ పాట బలమంతా దాని నిర్మాణంలో ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

సాధారణంగా బ్లూస్ చరణం పన్నెండు బార్లు. ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు బార్లలో ఒక పంక్తి పాడతారు, తర్వాతి నాలుగు బార్లలో అదే పంక్తిని మళ్లీ పాడతారు, చివరి నాలుగు బార్లలో దానికి సమాధానంగా, అంత్యప్రాసతో మరో పంక్తి వస్తుంది. పాడేవాడికి ఊపిరి పీల్చుకునే వ్యవధి, తర్వాతి మాట ఆలోచించుకునే వ్యవధి ఇందులో ఉంటాయి. ‘ఇట్స్ టైట్ లైక్ దట్’ అవే పన్నెండు బార్లను, అవే కార్డులను తీసుకుని పంపకం మార్చేస్తుంది. మొదటి నాలుగు బార్లలోనే ప్రాసతో కూడిన రెండు పంక్తులూ చకచకా అయిపోతాయి. మిగిలిన ఎనిమిది బార్లూ పల్లవికి వెళ్లిపోతాయి. పల్లవి పంక్తుల మధ్య రెండో గొంతు ‘బీడిల్ అం బం’ అంటూ అర్థం లేని శబ్దాలతో దరువు కలుపుతుంది.

ఈ పంపకంలో పాటగాడికి కలిగే లాభం వాయించి చూస్తేనే తెలుస్తుంది. కథ చెప్పడానికి నాలుగే బార్లున్నాయి కాబట్టి ప్రతి చరణమూ ఒక పొడి చమత్కారంగా బిగుసుకుంటుంది. చమత్కారం పూర్తయిన మరుక్షణం కార్డు డి నుంచి జికి మారుతుంది, పల్లవి మొదలవుతుంది, శ్రోత నవ్వడానికి ఎనిమిది బార్ల వ్యవధి దొరుకుతుంది. మన పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడే పాటల్లోనూ ఇదే కిటుకు ఉంది: ఎత్తిపొడుపు ఒక్కరే పాడతారు, పల్లవిని అందరూ అందుకుంటారు, ఆ గోలలో తర్వాతి ఎత్తిపొడుపు సిద్ధమవుతుంది. టాంపా రెడ్ పాటలో ఒక చరణం, నల్ల పుంజొకటి గోధుమరంగు పెట్టను కలిసి, పదిన్నరకు గాదె దగ్గరికి రమ్మని ఒప్పందం చేసుకోవడంతో మొదలవుతుంది. ఆ పదిన్నర అన్న మాట నాలుగో బార్ లోపలే పడిపోవాలి. ఐదో బార్‌లోకి ఒక్క అక్షరం జారినా హాస్యం చచ్చిపోతుంది.

నడక తిశ్ర గతిలో ఉంటుంది. ప్రతి దెబ్బనూ మూడు భాగాలుగా చూసి, మొదటి స్వరానికి రెండు భాగాలు, రెండో స్వరానికి ఒక భాగం ఇవ్వాలి. బొటనవేలు ఆరో తీగ మీద నాలుగు దెబ్బలూ సమంగా వేస్తూ ఉండాలి. మొదట స్లైడ్ పూర్తిగా పక్కనపెట్టి, దెబ్బలు లెక్కగా కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 90 దగ్గర పెట్టి, బొటనవేలి దరువు మీద చరణాలు పాడడం మాత్రమే సాధన చేశాను. గొంతు దెబ్బకు కొంచెం ముందు నడవాలి, బొటనవేలు దెబ్బ మీదే ఉండాలి. రెండూ ఒకేచోట పడితే పాట పిల్లల ఎక్కాల్లా వినబడుతుంది.

ఏప్రిల్: స్లైడ్ చేతికి రావడం

స్లైడ్‌ను చిటికెన వేలికి తొడుగుతున్నాను, తక్కిన మూడు వేళ్లూ ఖాళీగా ఉంటే కార్డులు పట్టుకోవడానికి వీలవుతుంది. గాజుగొట్టాన్ని తీగ మీద ఆనించాలే గాని అదమకూడదు. అది ఫ్రెట్ల మధ్య ఖాళీలో కాకుండా సరిగ్గా ఫ్రెట్ లోహపు కడ్డీకి పైన ఉండాలి. దాని వెనకాల చూపుడువేలు, నడిమివేలు తీగలను మెత్తగా తాకుతూ ఉంటే అనవసరమైన మోత ఆగిపోతుంది. కుడిచేతి వేళ్లు కూడా మోగనక్కర్లేని తీగలను పట్టి ఉంచాలి. స్లైడ్ వాద్యంలో సగం పని శబ్దాన్ని పుట్టించడం కాదు, ఆపడం.

టాంపా రెడ్ ప్రత్యేకత ఒకే తీగ మీద, ఎక్కువగా సన్న తీగ మీద, గాయకుడిలా వాక్యాలు పలికించడం. ఆయన కాలంలో చాలామంది స్లైడ్‌ను కార్డుల మీద మొత్తంగా జరిపి ఊపు పుట్టించేవారు. ఆయన ఒక్క తీగను మీటి, స్వరాన్ని సాగదీసి, మెల్లగా వణికించి వదిలేస్తాడు. కర్ణాటక సంగీతం వినే అలవాటున్నవారికి, ముఖ్యంగా గోటువాద్యం మీద జారు విన్నవారికి, ఈ పద్ధతి వెంటనే ఆప్తంగా తోస్తుంది. అయితే రెండింటికీ ఒక తేడా ఉంది. జారులో స్వరం నుంచి స్వరానికి వెళ్లే దారి అంతా వినిపించడమే సొగసు. ఈ పాటలో దారి చాలా పొట్టిది, చేరిన చోట నిలబడడం కూడా పొట్టిదే, ఎందుకంటే వెనకనే గొంతు వచ్చేస్తుంది.

ఈ నెలలో నేను ఎక్కువసేపు గడిపిన ఒక చిన్న వాక్యం గురించి చెప్పాలి. మొదటి తీగ మీద రెండో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి, పైకి జరిపి, మూడో ఫ్రెట్ దాటి నాలుగో ఫ్రెట్‌కు చేరకుండా మధ్యలో ఆపాలి. మూడో ఫ్రెట్ సాధారణ గాంధారం, నాలుగో ఫ్రెట్ అంతర గాంధారం. బ్లూస్ గాంధారం ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది, చరణాన్ని బట్టి కొంచెం ఇటో అటో కదులుతుంది. డి కార్డు మోగుతున్నంతసేపూ ఈ స్వరం కొంటెగా, తేల్చిచెప్పకుండా ఉంటుంది. ఐదో బార్‌లో కార్డు జికి మారుతుంది కదా, అప్పుడు స్లైడ్‌ను వెనక్కి లాగి సరిగ్గా మూడో ఫ్రెట్ మీద నిలబెట్టాలి. అక్కడ అది జి కార్డుకు ఏడో స్వరంగా అతికిపోతుంది. చరణంలో సందిగ్ధంగా ఉన్న స్వరం పల్లవిలో స్థిరపడడం చెవికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మాటల్లోని రెండర్థాలకు గిటారు తీగ మీద దొరికిన రూపం ఇదేనని నాకు అనిపిస్తోంది.

మే: పాట పూర్వీకులు

టాంపా రెడ్ పాటకు మాతృక ఎక్కడుందని వెతికితే వెంటనే ఎదురయ్యేది పాపా చార్లీ జాక్సన్ 1925లో పారమౌంట్ కంపెనీకి పాడిన ‘షేక్ దట్ థింగ్’. షికాగో వీధుల్లో ఆరు తీగల బాంజో వాయిస్తూ పాడే ఈ కళాకారుడు 1924లోనే రికార్డులు ఇవ్వడం మొదలుపెట్టాడు. తన వాద్యం తానే వాయించుకుంటూ పాడి రికార్డుల్లో పేరు తెచ్చుకున్న తొలితరం మగ బ్లూస్ గాయకుల్లో ఆయన ఒకడు. ‘షేక్ దట్ థింగ్’ను అదే ఏడాది కొలంబియా కంపెనీకి ఎథెల్ వాటర్స్ కూడా పాడింది. రెండు పాటలనూ వెంటవెంటనే వాయించి చూశాను. పొట్టి చరణం, పొడవాటి పల్లవి అనే పంపకం, పల్లవిలో స్వరాలు దిగే తీరు రెండింటిలోనూ దగ్గరగా ఉన్నాయి. బాంజో తీగ మోత త్వరగా ఆగిపోతుంది కాబట్టి జాక్సన్ వరసగా మీటుతూ ఖాళీలు నింపుతాడు. టాంపా రెడ్ అదే ఖాళీలో స్లైడ్‌తో ఒక్క స్వరాన్ని సాగదీస్తాడు. ఆ ఒక్క మార్పుతో వీధిలో పాడే పాట గదిలో ఇద్దరు మాట్లాడుకునే పాటగా మారింది.

ఈ కథలో మూడో మనిషి జె. మేయో విలియమ్స్. బ్రౌన్ యూనివర్సిటీలో చదివి, వృత్తి ఫుట్‌బాల్ ఆడిన ఈ నల్లజాతి నిర్మాత, పారమౌంట్‌లో ‘మా’ రైనీ అనే బ్లూస్ గాయని, పాపా చార్లీ జాక్సన్‌ల రికార్డులు తీసినవాడు. 1928 నాటికి వొకాలియన్‌కు మారాడు. టాంపా రెడ్, జార్జియా టామ్ ఇద్దరూ అదే ఏడాది మా రైనీ పాటలకు పారమౌంట్‌లో వాయించారు. కాబట్టి ఇది అకస్మాత్తుగా పుట్టిన పాట కాదు. మనుషులంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, నమూనా కళ్లముందే ఉంది, దాన్ని అమ్మగలిగిన నిర్మాత కొత్త కంపెనీలో కూర్చుని ఉన్నాడు.

జూన్: కీబోర్డు, జార్జియా టామ్

ఇన్నాళ్లూ గిటారు ఒక్కటే వాయించాను. ఇక పియానో భాగం కావాలి. సికింద్రాబాద్‌లో మా వీధి చివరి చర్చిలో కీబోర్డు వాయించే తమ్ముడిని పిలిచి, ఏ వివరమూ చెప్పకుండా రికార్డు వినిపించాను. ఎడమచేతి భాగం వినగానే అతని వేళ్లు బల్ల మీద కదలడం మొదలుపెట్టాయి.

“అన్నా, ఈ లెఫ్ట్ హ్యాండ్ నాకు కొత్తేం కాదు. ఆదివారం క్వయర్ పాడేటప్పుడు నేను కొట్టేది ఇంచుమించు ఇదే కదా!”

“మరి వాయించిన ఆయన ఎవరనుకుంటున్నావు?”

“ఎవరో బార్‌లో వాయించే ఆయన అయ్యుంటారు.”

“‘ప్రెషస్ లార్డ్’ రాసిన ఆయన.”

అతను రికార్డును మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఎడమచేతి భాగం ఒక్కటే విన్నాం.

జార్జియా టామ్ అసలు పేరు థామస్ ఎ. డోర్సీ. 1899 జులై 1న జార్జియా రాష్ట్రంలోని విల్లా రికాలో పుట్టాడు. తండ్రి ప్రసంగీకుడు, తల్లి ఆర్గన్ వాయించేది. అట్లాంటాలో పెరిగి, ఇళ్లలో జరిగే విందుల్లో పియానో వాయించడం నేర్చుకున్నాడు. పోలీసుల చెవిన పడకుండా ఇంటి విందుల్లో చాలా మెల్లగా వాయించేవాడు గనుక గుసగుసల పియానిస్టు అని పేరు పడింది. 1924లో మా రైనీ వాద్యబృందానికి సారథి అయ్యాడు. ఇంకోపక్క 1921 నుంచే భక్తి పాటలు కూడా రాస్తున్నాడు. 1926 ప్రాంతంలో తీవ్రమైన మానసిక కుంగుబాటుకు గురై రెండేళ్లపాటు సరిగ్గా పనిచేయలేకపోయాడు. కోలుకుంటున్న దశలో, ఇకపై దేవుడి పాటలకే అంకితం కావాలనే ఆలోచన బలపడుతున్న రోజుల్లో, టాంపా రెడ్ ఈ పాట మాటలు పట్టుకుని ఆయన ఇంటికి వచ్చాడు. ఇలాంటి పాటలు ఇక చేయనని మొదట వెనకాడానని, ఒత్తిడి చేస్తే సంగీతం కట్టానని డోర్సీ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. ఈ పాటకు వచ్చిన మొదటి రాయల్టీ చెక్కు రెండువేల నాలుగు వందల డాలర్ల పైచిలుకని కూడా ఆయనే చెప్పాడు. కుంగుబాటులో పని లేక, డబ్బు లేక గడిపిన ఇంటికి అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోవచ్చు.

1930లో షికాగోలో జరిగిన బాప్టిస్టుల జాతీయ సమావేశంలో ఆయన భక్తి పాటకు పెద్ద ఆదరణ లభించింది. 1932 ఆగస్టులో, ఆయన సెయింట్ లూయిస్‌లో ఉండగా, భార్య నెటీ ప్రసవంలో చనిపోయింది, పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలో రాసినదే ‘టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్’. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో మహేలియా జాక్సన్ పాడింది ఆ పాటే. షికాగోలోని పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చిలో దశాబ్దాలపాటు గాయకబృందాన్ని నడిపి, 1993లో కన్నుమూసే నాటికి ఆయనకు గాస్పెల్ (నల్లజాతి చర్చిల భక్తి సంగీతం) సంగీత పితామహుడనే గౌరవం స్థిరపడింది.

డోర్సీ జీవితాన్ని చాలామంది రెండు ముక్కలు చేసి చెబుతారు: ముందు తప్పుదారి, తర్వాత పశ్చాత్తాపం. ఆయన నమ్మకాన్ని నేను ఎంతమాత్రం తక్కువ చేయను. కాని సంగీతం విషయంలో ఆ కోత ఎక్కడా కనబడదు. తమ్ముడు మొదటి వినికిడికే పట్టుకున్నది అదే. ఎడమచేయి ఒకటో, మూడో దెబ్బల మీద మంద్ర స్వరాన్ని, రెండో, నాలుగో దెబ్బల మీద కార్డును వేస్తుంది, కుడిచేయి గొంతు ఆగిన చోట చిన్న జవాబు చెబుతుంది, పల్లవి దగ్గర రెండు చేతులూ బరువు పెంచుతాయి. చర్చిలో ఒక గొంతు పలికితే సభ అంతా అందుకునే తీరు ఈ కొంటె పాట పల్లవిలోనూ ఉంది. డోర్సీ దానిని చర్చి నుంచి తెచ్చాడా, లేక ఇక్కడి నుంచి చర్చికి తీసుకువెళ్లాడా అనే ప్రశ్నకు అర్థం లేదు. అది ఆయన చేతుల్లోనే ఉంది.

జులై: పాట వెళ్లిన దారులు

ఈ పాట ఎంత వేగంగా పాకిందో దాని నకళ్లే సాక్ష్యం చెబుతాయి. మెకిన్నీస్ కాటన్ పికర్స్ అనే పెద్ద జాజ్ బృందం అదే 1928 నవంబరులో దీన్ని విక్టర్ కంపెనీకి రికార్డు చేసింది. టాంపా రెడ్ స్వయంగా ‘హోకం జగ్ బ్యాండ్’ అనే పేరుతో, ఫ్రాంకీ ‘హాఫ్ పైంట్’ జాక్సన్ అనే హాస్యగాయకుడితో, మరో రూపం పాడించాడు. అందులో జాడీ ఊదే శబ్దాలు, ఆడగొంతు అనుకరణలు కలిసి పాట పూర్తిగా రంగస్థల ప్రహసనమయింది. 1929లో క్లారా స్మిత్ పాడింది. రెండో భాగం, మూడో భాగం అంటూ టాంపా రెడ్, జార్జియా టామ్ కొత్త చరణాలు కట్టి విడుదల చేశారు. మిసిసిపీ షేక్స్ బృందం 1930లో ‘లూస్ లైక్ దట్’ అని ఎదురు పాటే పాడింది. ‘హోకం బాయ్స్’, ‘ఫేమస్ హోకం బాయ్స్’ అనే పేర్లతో వచ్చిన రికార్డుల్లో జార్జియా టామ్ పియానో వినబడుతుంది. ఈ రెండో బృందంలో అప్పటికింకా పెద్ద పేరు రాని బిగ్ బిల్ బ్రూంజీ గిటారు వాయించాడు.

వీటన్నిటిలోనూ నన్ను కదిలించింది జాజ్ ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 డిసెంబరు 12న ఓకే కంపెనీకి రికార్డు చేసిన ‘టైట్ లైక్ దిస్’. పేరు, మధ్యలో వచ్చే వేళాకోళపు మాటలు మాత్రమే టాంపా రెడ్ పాటను గుర్తుచేస్తాయి. రాగం వేరు, మైనర్ స్వరక్రమం, ఎర్ల్ హైన్స్ పియానో. పక్కన మాటలతో హాస్యమాడుతూనే ఉంటారు, ట్రంపెట్ మాత్రం మెల్లగా మొదలై ఆవర్తం తర్వాత ఆవర్తం ఎత్తుకు వెళుతూ గుండెను పట్టేస్తుంది. కొంటె పాటలో గంభీరమైన సంగీతానికి చోటు లేదనేవారికి నేను ముందుగా వినిపించదలచుకున్న రికార్డు ఇదే.

పాట నిర్మాణం మరో పాతికేళ్లు దాటి ప్రయాణించింది. 1954లో బిల్ హేలీ రికార్డు చేసిన ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ చరణాన్ని గిటారు మీద వాయించి లెక్కపెట్టండి: నాలుగు బార్ల చరణం, ఎనిమిది బార్ల పల్లవి. కార్ల్ పెర్కిన్స్ ‘బ్లూ స్వేడ్ షూస్’లో కూడా ఎత్తిపొడుపు మాటల తర్వాత పల్లవి బరువుగా పడే తీరు ఈ వంశానిదే. టాంపా రెడ్ పాట ఒక్కటే వీటికి మూలమని అనను. ఈ పంపకాన్ని అందరి చెవులకూ అలవాటు చేసిన పాటల్లో ఇది ముందువరుసలో ఉందని అంటాను.

ఆగస్టు: రెండు గొంతులు

ఇద్దరం కలిసి వాయించడం మొదలయ్యాక కొత్త ప్రశ్నలు వచ్చాయి. గిటారు బొటనవేలు, కీబోర్డు ఎడమచేయి ఒకే మంద్ర స్వరాన్ని మోగిస్తే అడుగున ధ్వని గుజ్జుగుజ్జుగా ఉంటోంది. రికార్డును మళ్లీ విని, అడుగు బాధ్యత మొత్తం పియానోకు వదిలేశాం. నా బొటనవేలు ఇప్పుడు ఐదో, నాలుగో తీగల మీద, అరచేతి అంచుతో మోత తగ్గించి, పొడిగా నడుస్తోంది. చరణం నాలుగు బార్లలో కీబోర్డు కుడిచేయి పూర్తిగా ఆగిపోతుంది. పల్లవిలోకి అడుగుపెట్టగానే తిరిగి వస్తుంది. ఈ ఒక్క ఏర్పాటుతో చరణంలో మాటలు స్పష్టంగా వినబడి, పల్లవి రెట్టింపు నిండుగా తోస్తోంది.

స్లైడ్ ఎప్పుడు పలకాలన్నది అసలైన సమస్య. గొంతు పాడుతున్నప్పుడు స్లైడ్ నోరు మెదపకూడదు. పల్లవి పంక్తికీ ‘బీడిల్ అం బం’కీ మధ్య ఒకే ఒక్క స్వరానికి చోటుంది. ఆఖరి రెండు బార్లలో, తర్వాతి చరణం మొదలయ్యే లోపు, పన్నెండో ఫ్రెట్ నుంచి దిగివచ్చే పొడవాటి వాక్యానికి చోటుంది. ఇంతకు మించి వాయిస్తే మూడో గొంతుగా ఉండవలసిన గిటారు అలంకారంగా దిగజారిపోతుంది. టాంపా రెడ్ గొప్పదనం ఆయన మీటిన స్వరాల్లో ఎంత ఉందో, మీటకుండా వదిలేసిన చోట్లలో అంత ఉంది.

పాడడం ఇంగ్లీషులోనే. తెలుగు చరణాలు కట్టమని తమ్ముడు అడిగాడు గాని, అసలు చరణాల నిడివి, ప్రాస పడే చోటు పూర్తిగా ఒంటబట్టే వరకు ఆ పని ముట్టదలచుకోలేదు. పల్లవి మధ్య ‘బీడిల్ అం బం’ అతనే అంటాడు. దాన్ని నవ్వుతూ అనకూడదు. డోర్సీ ఆ శబ్దాన్ని ఏమీ ఎరగనివాడిలా, పియానో దరువులో భాగంగా పలుకుతాడు. నవ్వు శ్రోతది.

సెప్టెంబరు: ప్రస్తుత స్థితి

ఒకే మైకును గది మధ్యలో పెట్టి, ఇద్దరం దానికి దూరాలు సర్దుకుంటూ, ముక్కలుగా కాకుండా ఏకబిగిన పాట మొత్తం రికార్డు చేశాం. గొంతు మైకుకు దగ్గరగా, గిటారు దాని కిందుగా, కీబోర్డు స్పీకరు గది మూలన ఉన్న అమరిక బాగా కుదిరింది. వేగం నిమిషానికి 116 దగ్గర స్థిరపడింది. అంతకు మించితే చరణాల్లో మాటలు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయి, తగ్గితే పల్లవి బరువెక్కుతోంది. చరణం నుంచి పల్లవికి మారే చోట్లు ఇప్పుడు నిలకడగా ఉన్నాయి. ఆఖరి చరణం తర్వాత వచ్చే ముగింపు వాక్యంలో స్లైడ్ వణుకు ఇంకా నెమ్మదించాలి.

తర్వాతి పని రెండో భాగం రికార్డును విని, దాని చరణాలను మొదటి భాగం పక్కన రాసుకుని, ఏవి పాతవి, ఏవి కొత్తగా కట్టినవో పోల్చడం. దాంతోపాటు ‘షేక్ దట్ థింగ్’ను కూడా కీబోర్డుతో కలిపి సిద్ధం చేయాలి. తమ్ముడు అక్టోబరులో ‘ప్రెషస్ లార్డ్’ ఎడమచేతి భాగాన్ని ఇదే ట్యూనింగులో గిటారు మీదికి మార్చే ప్రయత్నం చేద్దామన్నాడు. దానికి పన్నెండు బార్ల చట్రం పనికిరాదు. దాని బాణీ ‘మెయిట్‌లాండ్’ అనే పాత కీర్తనను ఆధారం చేసుకున్నది కాబట్టి ముందుగా ఆ కీర్తన నుంచి మొదలుపెట్టాలి.